జ్వరాల కాలంలో రోజూ వాడే పఫ్ ఆపొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఊళ్లో వైరస్ జ్వరాలు ముసురుకున్నాయంటే ఆస్తమా ఉన్న ఇళ్లలో ముందుగా జరిగే పని ఒకటుంది. పొద్దున్నా రాత్రీ పీల్చే పఫ్ (ఇన్‌హేలర్) అలమార్లోకి వెళ్లిపోతుంది. ‘‘అందులో స్టెరాయిడ్ ఉందట, ఒంట్లో శక్తి చచ్చిపోతుందట’’ అన్న పక్కింటి మాట చాలు. కోవిడ్ కాలంలో ఈ మాట ఇల్లిల్లూ తిరిగింది. రేపు ఇంకో కొత్త వైరస్ పేరు టీవీలో వినపడినా ఇదే మళ్లీ తిరుగుతుంది. అందుకే కాస్త నెమ్మదిగా ఉన్న ఈ రోజుల్లోనే ఈ ఉత్తరం.

ముందు లెక్క చూద్దాం. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ 200 మైక్రోగ్రాములు అందించే పఫ్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి పీల్చే మనిషికి రోజుకు అందేది 400 మైక్రోగ్రాములు. ఏడాది మొత్తానికి 146 మిల్లీగ్రాములు. ఆ పఫ్ మానేసి, జలుబు ఛాతీలోకి దిగి, ఆయాసం ముదిరి ఆసుపత్రికి వెళ్తే పెద్దవాళ్లకు సాధారణంగా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాములు. 5 రోజులకే 200 అవుతుంది. రెండూ వేర్వేరు మందులు, తూకానికి తూకం పోల్చడం శాస్త్రం ఒప్పుకోదు. అయినా స్టెరాయిడ్‌కి భయపడి పఫ్ ఆపినవాళ్లు అంతకంటే ఎక్కువ స్టెరాయిడ్ దగ్గరికే చేరుతున్నారని చెప్పడానికి ఈ లెక్క పనికొస్తుంది. పైగా పీల్చిన మందు ఊపిరి గొట్టాల గోడల మీద పడి అక్కడే పనిచేస్తుంది. గొంతులో పడి కడుపులోకి జారినదాన్ని కాలేయం చాలావరకు విరిచేస్తుంది. మింగిన మాత్ర, పొడిచిన ఇంజెక్షన్ అలా కాదు, ఒళ్లంతా తిరుగుతాయి. 2021లో జనాన్ని వణికించిన బ్లాక్ ఫంగస్ ఎక్కువగా వచ్చింది అదుపు తప్పిన షుగరూ, అవసరాన్ని మించిన స్టెరాయిడ్ మాత్రలూ ఇంజెక్షన్లూ కలిసినచోట. ఆ నిందను తీసుకొచ్చి ఆస్తమా పఫ్ నెత్తిన రుద్దడం అన్యాయం.

మానేసిన మర్నాడే ఏమీ కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. బీచ్‌రోడ్డు పక్క ఇంట్లో కిటికీ ఊచలకు రంగు వేయడం మానేస్తే ఆ వారమే తుప్పు రాలదు కదా, ఇదీ అంతే. ఊపిరి గొట్టాల లోపలి వాపు రోజుల్లో, వారాల్లో మెల్లగా తిరిగొస్తుంది. మనిషి బాగానే ఉన్నాననుకుంటాడు. ఆ వాపు మీద మామూలు జలుబు వైరస్ పడినా చాలు, గొట్టం మూసుకుపోతుంది. ఆస్తమా ముదరడానికి ఎక్కువసార్లు కారణమయ్యేది కొత్త వైరస్‌లు కాదు, ఏటా వచ్చే జలుబే. 2020 లాక్‌డౌన్ నెలల్లో చాలా దేశాల్లో ఆస్తమా దాడులు తగ్గాయి. మాస్కులు, ఇంటిపట్టున ఉండడం వల్ల జలుబులు తగ్గాయి, రోడ్ల మీద పొగ తగ్గింది, కొందరు భయంతోనైనా మందు సరిగా వాడారు. ఆస్తమాపై ఏటా మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ నిపుణుల బృందం జీనా కోవిడ్ మొదలైనప్పటి నుంచీ చెప్పింది కూడా ఇదే: పీల్చే స్టెరాయిడ్ ఆపొద్దు. అదుపులో ఉన్న, మరీ తీవ్రం కాని ఆస్తమా వల్ల కోవిడ్ ముదిరే ప్రమాదం పెరగదనీ, ఈమధ్యనే స్టెరాయిడ్ మాత్రలు మింగాల్సి వచ్చినవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలనీ చెప్పింది.

ఇక్కడ ఇంకో తప్పు ఎదురుదిక్కు నుంచి జరుగుతోంది. దాడి నిజంగా ముదిరి, వైద్యుడు 5 రోజుల మాత్రలు రాస్తే ‘‘వైరస్ ఉంది కదా, వద్దు’’ అని పారేసేవాళ్లున్నారు. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణం నిలిపిందనీ, ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు మేలు చేయలేదనీ తేల్చింది. ఆ రెండో సగం విని ఆస్తమా రోగులు మాత్రలు మానకూడదు. ఆస్తమా దాడికి ఆ మాత్రలు అవసరమైతే వైరస్ ఉన్నా వేసుకోవాల్సిందే. మొదటి సగం విని ఒకటో రోజు జ్వరానికే డెక్సా ఇంజెక్షన్ పొడిపించుకోవడమూ తప్పే.

ఇక ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తేలిక పడడానికి పీల్చే నీలం పఫ్ సంగతి. అందులోని సాల్బుటమాల్ గొట్టాల చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది, లోపలి వాపును తాకదు. 4 నిమిషాల్లో హాయిగా ఉంటుంది కాబట్టి జనానికి అదే మంచి మందు, రోజూ వాడేది దండగ మందు. 200 పఫ్‌ల నీలం డబ్బాలు ఏడాదికి 3 గానీ అంతకు మించి గానీ ఖర్చయితే దాడి వచ్చే ముప్పు పెరిగినట్టు. నెలకొకటి అయిపోతోందంటే ప్రాణం మీదికి వచ్చే దారిలో ఉన్నట్టే. 2019 నుంచి జీనా పెద్దవాళ్లకూ, 12 ఏళ్లు దాటిన పిల్లలకూ నీలం పఫ్ ఒక్కదానితోనే బండి నడపొద్దంటోంది. రోజూ వాడేదానికి ఇంకో లెక్క: 120 పఫ్‌ల డబ్బా, పూటకు రెండేసి అయితే 30 రోజులకు ఖాళీ అవ్వాలి. మూడో నెలలోనూ అదే డబ్బా నడుస్తోందంటే మందు పొదుపవ్వడం లేదు, పడాల్సినచోట పడడం లేదు. డబ్బాను నీళ్లలో వేసి తేలిందా మునిగిందా చూసే పాత అలవాటు నమ్మదగింది కాదు. వెనక ఉన్న అంకెల మీటరు చూడండి, అది లేకపోతే మొదలుపెట్టిన తేదీ పెన్నుతో రాసుకోండి.

రెండు మందులు కలిసిన పఫ్ వాడేవాళ్లు ఇవాళే డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదవాలి. బుడెసొనైడ్‌తో ఫార్మోటెరాల్ అని ఉంటే, వైద్యుడు అలా రాసిచ్చిన పక్షంలో, అదే పఫ్‌ను ఆయాసం వచ్చినప్పుడు అదనంగానూ పీల్చుకోవచ్చు. డబ్బా మీద 200/6 అని ఉన్న రకం (పఫ్‌కు బుడెసొనైడ్ 200, ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాములు) అయితే పెద్దవాళ్లకు రోజువారీవి, అదనపువి అన్నీ కలిపి 24 గంటల్లో 12 దాటకూడదు. అన్ని అవసరమయ్యే రోజు వస్తే ఆ రోజే వైద్యుడికి చూపించుకోవాలి. సాల్మెటెరాల్ అని ఉంటే మాత్రం అదనంగా పీల్చడానికి అది పనికిరాదు. నెమ్మదిగా పనిచేసే మందు అది. మెడికల్ షాపులో ‘‘ఆ కంపెనీ లేదు, ఇది కూడా అదే’’ అని ఒకటి బదులు ఇంకోటి చేతిలో పెడితే ఈ తేడా దగ్గరే బోల్తా పడతారు.

మందును తుంపరగా మార్చి మాస్కుతో పీల్పించే మిషన్ నెబులైజర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన ఊళ్లో ఆయాసమంటే ‘‘మిషన్ పెట్టండి’’ అనే అలవాటు బలంగా పాతుకుపోయింది. మామూలు రోజుల్లో అదొక ఖర్చు, అంతే. వైరస్ రోజుల్లో అదే ప్రమాదం. మిషన్ పొగలా వదిలే తుంపరతోపాటు రోగి వదిలిన ఊపిరీ, దగ్గూ గదంతా కమ్ముకుంటాయి. పక్క కుర్చీలో ఇంకో ఆస్తమా రోగి కూర్చునే ఉంటాడు. అందుకే కోవిడ్ కాలంలో వీలైనంత వరకు నెబులైజర్ మానుకొమ్మన్నారు. దాని బదులు పఫ్‌కి స్పేసర్, అంటే పఫ్‌కీ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం, తగిలిస్తే, ఊపిరి ఆడనంత ప్రాణాంతక స్థితి తప్ప మిగతా దాడుల్లో అంతే పనిచేస్తుంది. పిల్లల్లో అయితే ఎమర్జెన్సీలో ఉండాల్సిన సమయం తగ్గుతుంది కూడా. ఇంట్లో మిషన్ తప్పదంటే వేరే గది, తెరిచిన కిటికీ, మూసిన తలుపు. ఒకరి మాస్కు ఇంకొకరికి తగిలించడం అస్సలు వద్దు.

స్పేసర్ వాడడం తేలికే, తప్పులు చేయడం ఇంకా తేలిక. పఫ్ నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు బాగా ఊపాలి. కొత్త డబ్బా అయినా, చాలా రోజులు వాడనిదైనా లోపలి కాగితంలో చెప్పినన్ని సార్లు ముందు గాలిలోకి కొట్టాలి. స్పేసర్ వెనక రంధ్రంలో దాన్ని బిగించి, నిటారుగా కూర్చుని ఊపిరి వదిలేసి, మూతిని పళ్ల మధ్య పెట్టుకుని పెదాలు మూయాలి. ఒక్క నొక్కు. వెంటనే నెమ్మదిగా 4, 5 సెకన్ల పాటు పీల్చి, 10 అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. బిగబట్టలేని ఆయాసంలో ఉంటే స్పేసర్ తీయకుండా మామూలుగా 5 సార్లు ఊపిరి తీసి వదిలినా సరిపోతుంది. రెండో పఫ్ రాసి ఉంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, మళ్లీ మొదటి నుంచి. తొందర కొద్దీ రెండూ ఒకేసారి నొక్కితే తుంపర బిందువులు ఒకదానికొకటి గుద్దుకుని గోడలకు అంటుకుంటాయి, లోపలికి పోయేది తగ్గుతుంది. నొక్కాక పీల్చడం ఆలస్యం చేసినా అంతే, మందు అడుగున దిగిపోతుంది. కొన్ని స్పేసర్లు ఈలలా మోగుతాయి. అది బాగా పీల్చినందుకు శభాష్ కాదు, తొందరగా పీలుస్తున్నావన్న హెచ్చరిక. చిన్న పిల్లలకు మాస్కు ముఖానికి గాలి చొరకుండా ఆనాలి. ఏడుస్తున్నప్పుడు పెడితే మందు లోపలికి పోదు, ఊరుకోబెట్టాకే పెట్టాలి.

కొత్త ప్లాస్టిక్ స్పేసర్ లోపల స్థిర విద్యుత్తు ఉంటుంది, అది మందును గోడకు లాక్కుంటుంది. గిన్నెల సబ్బు రెండు చుక్కలు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, మూతి భాగం కడిగి, బట్టతో తుడవకుండా నీడలో ఆరనివ్వాలి. తుడిస్తే ఆ విద్యుత్తు మళ్లీ వస్తుంది. నెలకోసారి ఇది చాలు, ఇంట్లో వైరస్ వచ్చి వెళ్లాక మరోసారి. ఒకే ఇంట్లో ఇద్దరికి ఆస్తమా ఉంటే రెండు స్పేసర్లు, వాటి మీద మార్కర్‌తో పేర్లు. కొనలేనివాళ్లకు 500 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఉంది. శుభ్రంగా కడిగి ఆరబెట్టి, అడుగున పఫ్ మూతి కొలతకు సరిగ్గా రంధ్రం చేసి, సందు లేకుండా టేపు చుడితే మందు బాగానే అందుతుందని దక్షిణాఫ్రికా పరిశోధకులు 1999లోనే చూపించారు. రంధ్రం వదులైతే మందు వెనక్కి పోతుంది, ఆ ఒక్కటీ చూసుకోవాలి.

గుళిక పగలగొట్టి పీల్చే పొడి మందుకు విశాఖ గాలే శత్రువు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడి తేమలో ఉప్పు డబ్బా గడ్డకట్టినట్టే ఆ పొడీ గడ్డకడుతుంది. రేపటి గుళికను ఇవాళే సీసాలోంచి తీసి చొక్కా జేబులో వేసుకునేవాళ్లు, శానిటైజర్ తడి ఆరకముందే గుళిక పట్టుకునేవాళ్లు చాలామంది. గుళిక మెత్తబడితే సరిగా విడిపోదు. చేతులు పూర్తిగా ఆరాక తీసి, పారదర్శకంగా ఉన్న కొన ముందుగా లోపలికి వెళ్లేలా పరికరం రంధ్రంలో నొక్కి, కింది భాగం చివరిదాకా తిప్పితే రెండు సగాలూ విడిపోతాయి. ఊపిరి బయటే వదలాలి, పరికరంలోకి ఊదితే నోటి తడికి పొడి అంటుకుపోతుంది. తర్వాత ఒక్కసారిగా గట్టిగా, లోతుగా పీల్చాలి. ఇది స్పేసర్‌కి పూర్తిగా తిరగేసిన పద్ధతి. రెండూ వాడేవాళ్లు సరిగ్గా ఇక్కడే తికమకపడతారు. పీల్చాక లోపల చూసి పొడి మిగిలితే మళ్లీ పీల్చాలి. గుళికను మంచినీళ్లతో మింగేసేవాళ్లు ఇంకా ఉన్నారంటే నవ్వొద్దు, షాపులో ఎవరూ చేసి చూపించకపోతే అలాగే అవుతుంది. తీవ్రమైన దాడిలో అంత గట్టిగా పీల్చే శక్తి ఉండదు కాబట్టి పొడి మందు వాడేవాళ్లు కూడా ఇంట్లో ఒక నీలం పఫ్, ఒక స్పేసర్ ఉంచుకోవాలి. వాటిని మే నెలలో స్కూటర్ డిక్కీలో మాత్రం పెట్టొద్దు. ఏ స్టెరాయిడ్ పఫ్ అయినా పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లని పూత కడుతుంది, గొంతు బొంగురుపోతుంది.

వైరస్ కాలంలో ప్రతి ఇంట్లోకీ వచ్చిన ఆక్సీమీటర్ ఆస్తమా విషయంలో మోసం చేస్తుంది. ఆస్తమా దాడిలో మనిషి వేగంగా ఊపిరి తీసి చాలాసేపు ఆక్సిజన్ నిలబెట్టుకుంటాడు, అంకె పడిపోయేసరికి ఆలస్యం అయిపోతుంది. 97 చూపిస్తోంది కదా అని పిల్లికూతలతో రాత్రంతా కూర్చోవడం తెలివి కాదు. 94కు దిగితే ఆసుపత్రి, 90 కన్నా తగ్గితే క్షణం ఆగొద్దు. చల్లబడ్డ వేళ్లు, గోళ్ల రంగు, గోరింటాకు అంకెను తప్పించగలవు. ఆస్తమాకు అసలైన కొలత ఊదిన గాలి వేగం చూపే పీక్‌ఫ్లో మీటర్. నిలబడి, గుండెల నిండా పీల్చి, ఒక్క ఊపున ఊది, 3 సార్లలో పెద్ద అంకె రాసుకోవాలి. బాగున్న రోజుల్లో వచ్చిన అత్యుత్తమ అంకెలో 80 శాతం పైన ఉంటే సరే. 50కి, 80కి మధ్య ఉంటే వైద్యుడు రాసిచ్చిన కాగితం ప్రకారం మందు పెంచాలి. 50 లోపు అయితే అత్యవసరం. ఊదినప్పుడు తుంపర్లు పడతాయి, కాబట్టి వైరస్ రోజుల్లో ఒంటరిగా, కిటికీ దగ్గర ఊదాలి.

ఇక ఇంట్లో గాలి. విశాఖ కొండల మధ్య గిన్నెలా ఉంది. చలికాలం పొద్దుటి పూట పొగ పైకి పోక అక్కడే నిలుస్తుంది. పోర్టు బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము పాతనగరం, జ్ఞానాపురం వైపు ఇళ్లకు కొత్త కాదు. దాన్ని ఒక్కరోజులో ఆపడం మన చేతిలో లేదు. కానీ వైరస్ పోవాలని గడపలో సాంబ్రాణి, పడకగదిలో దోమల కాయిల్, బాత్రూంలో బ్లీచింగ్, మీద కర్పూరం వేసిన ఆవిరి అంటే అది మన చేతిలోదే. ఆవిరి వైరస్‌ను చంపదు, మరిగే గిన్నె ఒలికి కాళ్లు కాలినవాళ్లు మాత్రం మిగిలారు. బ్లీచింగ్ ద్రావణాన్ని స్ప్రే చేయకుండా బట్ట తడిపి తుడవాలి, ఆస్తమా ఉన్న మనిషి అరగంట వేరే గదిలో ఉండాలి. దాన్ని టాయిలెట్ యాసిడ్‌తో కలిపితే వచ్చేది క్లోరిన్ గ్యాస్, ఆస్తమా లేనివాళ్లనూ పడగొడుతుంది. మాస్కు వల్ల ఆక్సిజన్ తగ్గదు. మన చెమటకు తడిసిన మాస్కు మాత్రం ఊపిరి ఆడనివ్వదు, సంచిలో ఇంకొకటి పొడిది ఉంచుకుంటే సరి.

జ్వరానికి పారాసిటమాల్ వాడాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జాతి నొప్పి మాత్రలు కొందరు ఆస్తమా రోగుల్లో దాడి తెప్పిస్తాయి. భయానికి, గుండెదడకు రాసే ప్రొప్రనొలాల్, గ్లకోమా చుక్కల్లోని టిమొలాల్ కూడా ప్రమాదమే. కంటి చుక్కలు ఊపిరిని పట్టేస్తాయని ఎవరికీ తట్టదు. ఫ్లూకు పీల్చే పొడిగా వచ్చే జనామివిర్ ఆస్తమా ఉన్నవాళ్లకు వద్దు. కోవిడ్‌కు రిటోనవిర్ కలిసిన మాత్రలు రాస్తే వాడే పఫ్ పేరు వైద్యుడికి చెప్పాలి, ముఖ్యంగా సాల్మెటెరాల్, ఫ్లూటికసోన్ అయితే. ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలి, ఆస్తమా ఉండడం టీకాకు అడ్డు కాదు. మృగశిర కార్తె చేపమందు మింగినవాళ్లతో మాకు పేచీ లేదు. మింగేశాం కదా అని పఫ్ ఆపితేనే పేచీ.

దాడి వస్తే మనిషిని పడుకోబెట్టొద్దు, ముందుకు వంగి కూర్చోనివ్వాలి. స్పేసర్‌తో నీలం పఫ్ ఒక్కొక్కటిగా, అర నిమిషం ఎడంతో, 4 నుంచి 10 దాకా. తేలిక పడకపోతే 108కి ఫోన్ చేసి, ‘‘ఆస్తమా ఉంది, జ్వరం ఉంది’’ లేదా ‘‘జ్వరం లేదు’’ అని ముందే చెప్పాలి, వచ్చే సిబ్బంది తగిన జాగ్రత్తతో వస్తారు. బండి వచ్చేదాకా 20 నిమిషాలకోసారి అవే పఫ్‌లు మళ్లీ ఇవ్వొచ్చు. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగడం, పెదాలు నీలం తిరగడం, మగత, వీటిలో ఏది కనిపించినా లెక్కలు మాని ముందు 108. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి నీరసిస్తే అది తగ్గడం కాదు, గాలి కదలడమే మానేసింది. పఫ్, స్పేసర్, మందుల కాగితం వెంట తీసుకెళ్లాలి. ఆసుపత్రికి వెళ్తే వైరస్ అంటుకుంటుందని ఇంట్లోనే ఆగడం కన్నా పెద్ద ముప్పు ఆ రాత్రికి ఇంకొకటి ఉండదు.

చివరిగా అధికారులకు ఒక మాట. 2020లో పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి, హనుమంతవాక దగ్గరి విమ్స్ ఆసుపత్రి కోవిడ్‌కు కేటాయించారు. రేపు మళ్లీ అవసరమొస్తే మళ్లీ అవే కేటాయిస్తారు, వేరే దారి లేదు. అలాంటప్పుడు రోజూ మందు వాడే ఆస్తమా రోగి ఎక్కడికి పోవాలి? బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన పఫ్ జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్న మందే. ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలో అదీ, సాల్బుటమాల్ పఫ్, స్పేసర్లు నిల్వ ఉండాలి. కేసులు పెరగడం మొదలైన వారంలోనే ఒకేసారి రెండు నెలల మందు ఇచ్చి పంపాలి. వార్డు సచివాలయం ఏఎన్ఎంల చేతికి తలా ఒక ఖాళీ డెమో పఫ్, ఒక స్పేసర్ ఇస్తే, గడప దగ్గర 5 నిమిషాల్లో చేసి చూపించగలరు.

ఇట్లు,
ఊపిరితిత్తుల విభాగాల్లో, మందుల కౌంటర్లలో పనిచేసే కొందరం,
విశాఖపట్నం